మార్చి నెల, 61సి బస్సు, కొన్ని బేస్‌బాల్ పుస్తకాలు

పోయిన ఆదివారం మా అమ్మాయి మెసేజ్ పెట్టింది. "అమ్మా, ఇంకో మూడు వారాల్లో సీజన్ మొదలట. ఆఫీసులో అందరూ బేస్‌బాల్ గురించే మాట్లాడుకుంటున్నారు, నాకేమో నువ్వు చెప్పిన కథలు తప్ప ఆట సంగతి ఏమీ తెలీదు. చదవడానికి ఓ నాలుగు పుస్తకాల పేర్లు పంపు." నాలుగు పేర్లు పంపడానికి రెండు నిమిషాలు చాలు. కానీ ఒక్కో పేరూ టైపు చేస్తుంటే ఆ పుస్తకం ఎక్కడ కూర్చుని చదివానో, అప్పుడు బయట ఎంత మంచు ఉందో, పొయ్యి మీద ఏ కూర మాడిందో అన్నీ గుర్తొచ్చి, ఆ మెసేజ్ పెరిగీ పెరిగీ ఇదిగో ఇలా తయారైంది. దానికి నాలుగు పేర్లే పంపాను లెండి. మిగతాదంతా మీ నెత్తిన.

2001 జనవరిలో, పెళ్ళయిన రెండు నెలలకి, పిట్స్‌బర్గ్‌లో దిగాను. స్క్విరెల్ హిల్‌లో ఒక పాత ఇంటి పైవాటా. మావారు ఏడున్నరకల్లా ఆఫీసుకి వెళ్ళిపోయేవారు. నాది హెచ్-4 వీసా, అంటే ఉండొచ్చు, వండొచ్చు, ఉద్యోగం మాత్రం చేయకూడదు (మాలాంటి వాళ్ళలో కొందరికి పని చేసుకునే అనుమతి 2015లో గానీ రాలేదు). ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివి, కిటికీలోంచి మంచు లెక్కపెడుతూ కూర్చునేదాన్ని. వారం వారం పెన్‌హిల్స్‌లో వెంకటేశ్వరస్వామి గుడికి వెళితే నాలుగు తెలుగు మాటలు, కాస్త పులిహోర. మిగతా ఆరు రోజులూ ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు.

వచ్చిన కొద్ది వారాలకే, ఫిబ్రవరి 11 ఆదివారం, ఇంకా సరిగ్గా తెల్లవారకముందే కింద వాటాలో ఉండే మన కుర్రాళ్ళు తలుపు కొట్టారు. "అక్కా, స్టేడియం పేల్చేస్తున్నారంట, చూడ్డానికొస్తారా?" మౌంట్ వాషింగ్టన్ కొండ మీద జనం మధ్య నిలబడ్డాం. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి. ఎనిమిదింటికి వరసగా ఢాంఢాం మని చప్పుళ్ళు, ఆ గుండ్రటి సిమెంటు కట్టడం కాగితప్పెట్టె నలిగినట్టు లోపలికి కూలిపోయింది, నది మీదుగా దుమ్ము లేచింది. త్రీ రివర్స్ స్టేడియం దాని పేరు, 1970లో కట్టారట. అందంగా కూడా ఉండదు. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ మాత్రం కళ్ళు తుడుచుకుంటోంది. పుట్టింటికొచ్చి ఇల్లు పడగొట్టడం చూస్తున్నదానిలా ఉంది ఆవిడ మొహం. నాకు అర్థం కాలేదు. ఆ ఊళ్ళో నాకు ఏడవడానికి సరిపడా ఏమీ లేదు మరి.

ఏప్రిల్ 9న కొత్త మైదానం, పీఎన్‌సీ పార్క్, మొదటి ఆట. ఆ పొద్దున్నే టీవీలో వార్త, విల్లీ స్టార్‌జెల్ పోయారని. ఊరి బేస్‌బాల్ జట్టు పైరేట్స్‌లో ఆయన దేవుడిలాంటి మనిషి. అంతకు రెండు రోజుల ముందే స్టేడియం బయట ఆయన విగ్రహం పెట్టారు. జనం ఆ విగ్రహం కాళ్ళ దగ్గర పూలు పెట్టి మళ్ళీ ఏడుస్తున్నారు. రెండు నెలల్లో రెండోసారి. ఒక ఆట కోసం ఊరు ఊరంతా ఇలా ఎందుకవుతుందో తెలుసుకుందామనే నేను లైబ్రరీకి బయల్దేరాను. నాకు ఆట తెలియక కాదు, ఏడుపు తెలియక.

అలా అంటున్నాను గానీ ఆట కోసం మేలుకోవడం నాకు కొత్తేం కాదు. ఆ ముందు నెలలోనే, మార్చి 13 రాత్రి, ఈడెన్ గార్డెన్స్‌లో మన లక్ష్మణ్, ద్రావిడ్ రోజంతా అవుట్ కాకుండా ఆడుతుంటే, మోడెమ్ కీచుకీచుమంటుంటే నేను కంప్యూటర్ ముందు తెల్లవార్లూ రిఫ్రెష్ కొడుతూనే ఉన్నాను. పక్కన ఒక కాగితం మీద స్కోరు రాసుకున్నాను కూడా. ఆ అలవాటు నాన్నది.

నాన్న బాపట్లలో బ్యాంకు ఉద్యోగి. పనికిరాని లెడ్జరు కాగితాలు తెచ్చి, వెనకవైపు గీతలు కొట్టి, రేడియో వింటూ బంతి బంతికీ స్కోరు రాసేవారు. 1987 వరల్డ్ కప్ సెమీఫైనల్ రోజున ఆయనకి సెలవు దొరకలేదు. "అమ్మా, ఈ పూట నువ్వు రాయి, సాయంత్రం వచ్చి చూస్తా" అని నాకు అప్పజెప్పి వెళ్ళారు. అప్పుడు నాకు పదేళ్ళు. ఆకాశవాణి కామెంటరీ కాసేపు ఇంగ్లీషు, కాసేపు హిందీ. నాకు హిందీ రాదు. హిందీ మొదలైనప్పుడల్లా నా కాగితంలో ఖాళీ. ఇంగ్లండు గూచ్ స్వీపుల మీద స్వీపులు కొట్టి 115 చేశాడు గానీ నా లెక్కలో అందులో సగం పైగా గల్లంతు. నాన్న సాయంత్రం వచ్చి ఆ కాగితం చూసి, "నీ లెక్క ప్రకారం మనమే గెలిచామమ్మా" అన్నారు. 35 పరుగుల తేడాతో ఓడిపోయాం నిజానికి.

సరే, లైబ్రరీ. 61సి బస్సెక్కితే ఓక్‌లాండ్‌లో కార్నెగీ లైబ్రరీ. బయట నిలువెత్తు డైనోసార్ బొమ్మ, చలికాలంలో దాని మెడకి మఫ్లర్ కడతారు. ద్వారం మీద రాతిలో చెక్కి ఉంటుంది, ప్రజలకు ఉచితం అని. జేబులో డాలరు కూడా లెక్కపెట్టుకుని ఖర్చు చేసే రోజుల్లో ఆ అక్షరాలు ఎంత బాగుండేవో చెప్పలేను. మొదట తెలివితక్కువగా రూల్స్ పుస్తకం తీసుకున్నాను. ఇన్‌ఫీల్డ్ ఫ్లై అనే ఒక నిబంధన దగ్గర మూడు రోజులు ఆగిపోయాను. తిరిగి ఇచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర ఉండే పెద్దాయన, అక్కడ ఊరికే వచ్చి సాయం చేసే రిటైరైన మనిషి, పుస్తకం వంక చూసి నా వంక చూసి, దీంతో ఎవరికైనా ఆట మీద ప్రేమ పుడుతుందా అని నవ్వి, వేరే పుస్తకం తెచ్చి చేతిలో పెట్టారు.

లారెన్స్ రిట్టర్ రాసిన 'ద గ్లోరీ ఆఫ్ దెయిర్ టైమ్స్'. 1966లో వచ్చింది. అమ్మాయికి పంపిన నాలుగింటిలో మొదటిది ఇదే. ఒక్కటే చదివే ఓపిక ఉంటే ఇదే చదవండి.

రిట్టర్ ఎకనామిక్స్ ప్రొఫెసరు. 1961లో టై కాబ్ అనే పాత మహా ఆటగాడు పోయాక, ఆ తరం వాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోతున్నారు, వాళ్ళ మాటలు కూడా పోతాయి అనుకుని, ఓ టేప్ రికార్డర్ పట్టుకుని అమెరికా అంతా 75,000 మైళ్ళు తిరిగాడు. 1900ల మొదట్లో ఆడిన ముసలివాళ్ళని వెతికి పట్టుకుని, వాళ్ళని మాట్లాడనిచ్చి, తను పక్కకు తప్పుకున్నాడు. పుస్తకమంతా వాళ్ళ గొంతులే. మా తాతయ్య వాళ్ళ ఊళ్ళో అరుగు మీద సాయంత్రాలు పెద్దవాళ్ళు చెప్పుకునే కబుర్లు వినలేదూ, అచ్చం అలా ఉంటుంది. ఒకాయన మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడికో పోయి, ఎవరి మీదో ఒక చెణుకు వేసి, మళ్ళీ అసలు సంగతికొస్తాడు.

శామ్ క్రాఫర్డ్ అనే ఆయన కోసం రిట్టర్ కాలిఫోర్నియాలో ఒక చిన్న ఊరికి వెళ్తాడు. ఎవరినడిగినా తెలీదంటారు. విసిగిపోయి బట్టలుతికే లాండ్రోమాట్‌లో కూర్చుని, తన బట్టలు గిర్రున తిరుగుతుంటే చూస్తూ, పక్కనున్న ముసలాయన్ని ఊరికే అడుగుతాడు, క్రాఫర్డ్ అని ఎవరైనా తెలుసా అని. తెలియకేం, ఆయన్ని నేనే అంటాడు ముసలాయన. ఈ పేజీ నేను ఎక్కడ చదివాననుకున్నారు? మర్రీ అవెన్యూ పక్కన లాండ్రోమాట్‌లో, క్వార్టర్లు వేసి, మా దుప్పట్లు తిరుగుతుంటే. తలెత్తి చూశాను. ఎదురుగా ఒక ముసలాయన సాక్సులు మడతపెట్టుకుంటున్నాడు. అడగడానికి ధైర్యం చాల్లేదు గానీ ఆ రోజు నుంచీ ఆ ఊరి ముసలివాళ్ళని నేను చూసే తీరు మారిపోయింది.

లైబ్రరీ పెద్దాయనే ఇంకో రోజు, లైబ్రరీ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఒక పాత ఇటుక గోడ ఉంది చూసి రా అన్నారు. ఫోర్బ్స్ ఫీల్డ్ అనే పాత మైదానం కూల్చేశాక మిగిలిన ముక్క. 1960 అక్టోబరు 13న, వరల్డ్ సిరీస్ (ఏటా ఛాంపియన్ ఎవరో తేల్చే ఆటలు) ఏడో ఆట, తొమ్మిదో ఇన్నింగ్స్, 9-9 సమానం, బిల్ మజరోస్కీ కొట్టిన బంతి ఆ గోడల మీంచి ఎగిరిపోయింది. పైరేట్స్ 10-9తో గెలిచారు. మొత్తం సిరీస్‌లో ఎదుటి జట్టు న్యూయార్క్ యాంకీస్ 55 పరుగులు చేస్తే మనవాళ్ళు 27, అయినా కప్పు మనవాళ్ళదే (చూశారా, 'మనవాళ్ళు' అనేశాను). 1985లో ఒకే ఒక్కాయన ఆ గోడ దగ్గరికి టేప్ పట్టుకెళ్ళి, ఆ పాత రేడియో కామెంటరీ మొత్తం ఒంటరిగా కూర్చుని విన్నాడట. ఆ తర్వాత ఏటా జనం రావడం మొదలుపెట్టారు. ఒక అక్టోబరులో నేనూ వెళ్ళాను. మడత కుర్చీలు, ఫ్లాస్కుల్లో కాఫీ, ఎప్పుడో అయిపోయిన ఆట. ఏం జరుగుతుందో అందరికీ తెలుసు. అయినా 3 గంటల 36 నిమిషాలకి ఆ బంతి గోడ దాటగానే అందరూ లేచి అరిచారు. నేనూ అరిచాను, బాపట్ల రేడియో గుర్తొచ్చి. స్కోరు రాసే అలవాటున్న వాళ్ళకి ఒక ముచ్చట చెప్పాలి, ఆ ఏడో ఆట మొత్తంలో ఒక్క స్ట్రైకవుట్ (మూడు స్ట్రైకులు పడి బ్యాటర్ అవుటవడం, స్కోరులో 'కె' అని రాస్తారు) కూడా లేదు. కాగితం మీద ఒక్క 'కె' కూడా కనపడదన్నమాట.

తర్వాతి పుస్తకం రోజర్ కాన్ రాసిన 'ద బాయ్స్ ఆఫ్ సమ్మర్', 1972ది. దీన్ని నెత్తిన పెట్టుకునే వాళ్ళు చాలామంది. నాకు మొదటి సగం, ఆయన పత్రికలో ఉద్యోగం కబుర్లు, కాస్త సాగదీతే అనిపించింది. రెండో సగం కోసం ఓర్చుకోండి. 1950ల మొదట్లో బ్రూక్లిన్ డాడ్జర్స్‌కి ఆడినవాళ్ళు ఇరవై ఏళ్ళ తర్వాత ఏమయ్యారో ఒక్కొక్కరి ఇంటికీ వెళ్ళి చూస్తాడు. కుడివైపు బంతి పడితే తుపాకిలా విసిరే కార్ల్ ఫురిల్లో, వరల్డ్ ట్రేడ్ సెంటర్ కడుతున్న చోట లిఫ్టులు బిగించే పనిలో కనపడతాడు. నేను ఈ పేజీ చదివింది 2001 చలికాలంలో. పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. కారు ప్రమాదంలో భుజాల కింద చచ్చుబడిన రాయ్ కాంపనెల్లా చక్రాల కుర్చీలో. 1947 ఏప్రిల్ 15న నల్లవాళ్ళకి మూసేసిన తలుపు తీసిన జాకీ రాబిన్సన్, కన్నకొడుకుని పోగొట్టుకుని, జుట్టు నెరిసిపోయి. జట్టు కూడా 1957 తర్వాత బ్రూక్లిన్ వదిలి లాస్ ఏంజెలిస్ వెళ్ళిపోయింది. ఆటలో గెలిచిన కథలు ఎవరైనా రాస్తారు. ఆట అయిపోయాక మిగిలిన బతుకు రాసినవాడు నాకు ఈయనే కనపడ్డాడు.

అదే డాడ్జర్స్ మీద ఇంకో పుస్తకం, డోరిస్ కియర్న్స్ గుడ్విన్ 'వెయిట్ టిల్ నెక్స్ట్ ఇయర్', 1997. అధ్యక్షుల జీవితచరిత్రలు రాసే పెద్ద చరిత్రకారిణి, తన చిన్నతనం రాసుకుంది. ఆవిడకి ఆరేళ్ళప్పుడు నాన్న ఎర్ర అట్ట స్కోరు పుస్తకం కొనిచ్చి రాయడం నేర్పుతాడు. పగలు ఆయన పనికి వెళితే పిల్ల రేడియో విని ఆట మొత్తం రాసి, సాయంత్రం ఆయన రాగానే బంతి బంతీ వినిపిస్తుంది. ఆ నాన్న ఏం పని చేసేవాడో తెలుసా, బ్యాంకుల లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగం! ఆ రోజు 61సిలో నేను దిగాల్సిన స్టాప్ దాటిపోయింది. నా రేడియో బాపట్లలో, ఆవిడ రేడియో లాంగ్ ఐలాండ్‌లో, మధ్యలో నలభై ఏళ్ళు, ఏడు సముద్రాలు, అయినా ఇద్దరు నాన్నలూ ఒకే కాగితం పట్టుకుని నిలబడ్డట్టు అనిపించింది. చిన్నపిల్ల చర్చిలో ఫాదర్ దగ్గర, ఎదుటి జట్ల ఆటగాళ్ళకి దెబ్బలు తగలాలని కోరుకున్నానని పాపం ఒప్పుకునే చోట మాత్రం గట్టిగా నవ్వేశాను. నేను గూచ్‌కి ఎన్ని శాపాలు పెట్టానో ఏ దేవుడికీ చెప్పుకోలేదు.

ఫోన్ కార్డు గీకి ఆ పుస్తకం గురించి నాన్నకి చెప్పాను. ఆయనకి కథ కన్నా స్కోరు రాసే పద్ధతి మీదే ఆసక్తి. ఫీల్డర్లకి ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు, పిచ్చర్, అంటే బంతి వేసేవాడు, 1, క్యాచర్ 2, షార్ట్‌స్టాప్ 6, అలా. 6-4-3 అని రాస్తే బంతి ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి పోయి ఇద్దరు అవుటయ్యారో మొత్తం కథ వచ్చేస్తుంది. "లెడ్జరు కన్నా నయంగా ఉందే" అన్నారు. ఈ లెక్కల పద్ధతిని, బాక్స్ స్కోరుని, తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండులో పుట్టి, అమెరికాలో మొదట క్రికెట్ వార్తలు రాసినవాడని చెబితే, "అదీ సంగతి, నేర్చుకుంది మన దగ్గరే" అన్నారు. క్రికెట్ ఎప్పుడు మనదైందో అడగలేదు నేను.

జిమ్ బౌటన్ 'బాల్ ఫోర్' నేను రెండుసార్లు మొదలుపెట్టాను. 1970లో వచ్చింది. ఒకప్పుడు యాంకీస్‌లో ఒక్క ఏడాదిలో 21 ఆటలు గెలిచిన పిచ్చర్, చేయి పాడై, సియాటిల్ పైలట్స్ అనే ఒక్క ఏడాదే బతికిన జట్టులో చేరి, 1969 సీజనంతా రోజువారీ డైరీ రాశాడు. తాగుళ్ళు, బూతులు, ఆడవాళ్ళ వెనక చూపులు, మాత్రలు, యాజమాన్యాల పిసినారితనం, ఏదీ దాచలేదు. అత్తగారు ఇంట్లో ఉన్నప్పుడు చదవకండి. మొదటిసారి నలభై పేజీలకే ఛీ అని పక్కన పెట్టాను. బేస్‌బాల్ కమిషనర్ బౌవీ కూన్ అతన్ని పిలిపించి, ఇదంతా అబద్ధమని సంతకం పెట్టమన్నాడని, అతను పెట్టనన్నాడని తెలిశాక మళ్ళీ తీశాను. అప్పుడు కనపడింది, ఆ అల్లరి కింద ఉన్న భయం. ఉద్యోగం రేపు ఉంటుందో ఉండదో తెలియని మనిషి భయం. 2001 చివర్లో మా ఇంట్లోనూ అదే భయం, మావారి కంపెనీలో శుక్రవారం శుక్రవారం మనుషుల్ని తీసేస్తున్నారు. ఇన్నేళ్ళూ బంతిని నేను పట్టుకున్నాననుకున్నాను గానీ అదే నన్ను పట్టుకుందని పుస్తకం చివర అంటాడు. అక్కడికి వచ్చేసరికి ఆ బూతులన్నీ క్షమించేశాను.

1919లో డబ్బు తీసుకుని ఓడిపోయిన షికాగో జట్టు మీద ఎలియట్ అసినాఫ్ 'ఎయిట్ మెన్ అవుట్' కూడా అందరూ చదవమంటారు. కథగా చదవండి, బిగువుగా ఉంటుంది. చరిత్రగా మాత్రం కాస్త జాగ్రత్త. యజమాని సరైన జీతాలివ్వక ఆటగాళ్ళని చెడగొట్టాడన్న మాట ఆ తర్వాత లెక్కలు తీసినవాళ్ళ ముందు నిలబడలేదు.

మా ఇంట్లో మావారు చదివిన బేస్‌బాల్ పుస్తకం ఒక్కటే, మైకేల్ లూయిస్ 'మనీబాల్', 2003. అది కూడా మేనేజరు అందరికీ పంచిపెట్టాడు కాబట్టి. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్ ఏ'స్ అనే బీద జట్టు, యాంకీస్ జీతాల్లో దాదాపు మూడో వంతుతో, అందరూ వద్దన్న ఆటగాళ్ళని ఏరుకుని 2002లో వరసగా 20 ఆటలు గెలిచిన కథ. నాకు అందులో అన్నిటికన్నా నచ్చింది మొదట్లో ముసలి స్కౌట్లు కుర్రాళ్ళని ఎంచే సీను. నడక బాగుంది, మొహంలో కళ ఉంది, వీడు లావు, వీడికి తెగువ లేదు. అచ్చం పెళ్ళిచూపులు! ఆ జట్టు జనరల్ మేనేజరు బిల్లీ బీన్ మాత్రం, పిల్ల రంగు కాదయ్యా, చదువు చూడండి అన్నట్టు, వీడు ఎన్నిసార్లు బేస్ మీదికి చేరాడో చెప్పండి అంటాడు. ఈ లెక్కల విద్యకి మూలపురుషుడు బిల్ జేమ్స్, చిక్కుళ్ళ డబ్బాల ఫ్యాక్టరీలో రాత్రి కాపలా ఉద్యోగం చేస్తూ లెక్కలు వేసుకుని, 1977లో సొంతంగా అచ్చేసుకున్నాడన్న భాగం చదివి, ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి ఇంట్లో కూర్చున్న నేను రెండు రాత్రులు నిద్రపోలేదు. ఒక లోటు చెప్పాలి, ఆ జట్టుకి హడ్సన్, మల్డర్, జీటో అని ముగ్గురు గొప్ప పిచ్చర్లు ఉన్నారు, పుస్తకం వాళ్ళని ఏదో పక్కింటి వాళ్ళలా పలకరించి వదిలేస్తుంది. ఆ జట్టు 2024 సెప్టెంబరులో ఓక్‌లాండ్‌లో చివరి ఆట ఆడి ఊరు వదిలింది. టీవీలో జనం ఏడుస్తుంటే ఈసారి నాకు ఎవరూ వివరించనక్కర్లేకపోయింది.

2006 వేసవిలో నాన్న, అమ్మ వచ్చారు. ఆ ఏడే డేవిడ్ మరానిస్ 'క్లెమెంటే' వచ్చింది. రొబెర్టో క్లెమెంటే ప్యూర్టో రికో నుంచి పిట్స్‌బర్గ్ వచ్చిన ఆటగాడు. నా పేరు రొబెర్టో అని మొత్తుకుంటున్నా పత్రికలవాళ్ళు 'బాబ్' అనే రాసేవాళ్ళు, ఆయన వచ్చీరాని ఇంగ్లీషుని అక్షరం అక్షరం వెక్కిరింపుగా అచ్చేసేవాళ్ళు. ఐదక్షరాల నా పేరుని కిరాణా కొట్టు నుంచి డాక్టరు దాకా రెండక్షరాలు చేసి పిలుస్తుంటే పోనీలే అని ఊరుకున్నదాన్ని, ఆ పేజీలు చదివాక మళ్ళీ మొత్తం పేరు చెప్పడం మొదలుపెట్టాను. 1972 సెప్టెంబరు 30న ఆయన మూడువేలవ హిట్ కొట్టాడు. లీగ్ ఆటల్లో అదే ఆఖరిది. నికరాగువాలో భూకంపం వస్తే, పంపిన సాయం బాధితులకి చేరకుండా మధ్యలోనే మాయమవుతోందని విని, తానే వెళ్తానని డిసెంబరు 31 రాత్రి సరుకుల విమానం ఎక్కాడు. సముద్రంలో పడిపోయింది. శరీరం దొరకలేదు. సరిగ్గా 3,000 హిట్ల దగ్గర ఆగిపోయిన లెక్క.

ఇదంతా నాన్నకి ఆయన పేరున్న వంతెన మీద నడుస్తూ చెప్పాను. ఆట రోజుల్లో ఆ వంతెన మీద కార్లు ఆపేస్తారు. స్టేడియంలో కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, ఆయన చొక్కా నంబరు 21 కాబట్టి. నాన్న గోడ వంక చూస్తూ ఏమీ మాట్లాడలేదు. ఆట మొదలయ్యాక మాత్రం ఆగలేదు.

"ఏమ్మా, అన్నీ ఫుల్‌టాస్‌లేనా?"

"డ్రా ఉండదా? మరి తేలకపోతే రాత్రి రెండింటి దాకా ఆడతారా?"

బంతి కొట్టకుండా చూస్తూ నిలబడి అవుటైతే 'కె' అక్షరం తిరగేసి రాయాలని చెబితే తెగ ముచ్చటపడ్డారు. "పరువు తీయడం కాగితం మీద కూడానా!" ఆ రోజు ఆయన రాసిన స్కోరు కార్డు ఇప్పటికీ 'క్లెమెంటే' పుస్తకంలోనే ఉంది. తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్క ఖాళీ లేదు. పక్క సీటాయన వంగి చూసి, మీ నాన్న ఏ జట్టుకి స్కోరు రాసేవారు అని అడిగాడు నన్ను.

ఆ పుస్తకాలు నాకు ఆట నేర్పాయంటే పూర్తి నిజం కాదు. ఆ ఊళ్ళో నాకు నిన్న అనేది లేదు, అందరికీ వెనక్కి తిరిగి చూసుకోవడానికి ఏదో ఉంది, నాకు తప్ప. అప్పుగా తెచ్చుకున్నాను, మూడు వారాల గడువుతో, ఆలస్యమైతే జరిమానాతో.

కొత్తవాటి సంగతి త్వరగా చెప్పేస్తాను. జో పొస్నాన్స్కీ ఏది రాసినా తీసుకోండి. ముందు 'ద సోల్ ఆఫ్ బేస్‌బాల్', 2007. నల్లవాళ్ళు విడిగా ఆడుకోవాల్సొచ్చిన నీగ్రో లీగ్స్‌లో ఆడిన బక్ ఓనీల్‌తో ఏడాది పాటు ఊళ్ళు తిరిగిన పుస్తకం. 2006లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఆ లీగ్స్ నుంచి 17 మందిని ఎంచుకుని ఈయన్ని వదిలేశారు. అయినా వెళ్ళి వాళ్ళ తరఫున నవ్వుతూ మాట్లాడి వచ్చాడు, ఆ అక్టోబరులో పోయాడు. 2022లో ఇచ్చారు లెండి, ఇచ్చి ఏం లాభం. మన పిట్స్‌బర్గ్ జాష్ గిబ్సన్ కూడా అంతే, రాబిన్సన్ మైదానంలోకి దిగడానికి మూడు నెలల ముందు 35 ఏళ్ళకే పోయాడు. 2024లో ఆ లీగ్స్ లెక్కలన్నీ కలిపితే మొత్తం చరిత్రలో అత్యధిక బ్యాటింగ్ సగటు ఆయనదే అని తేలింది, .372. పొస్నాన్స్కీదే 'ద బేస్‌బాల్ 100', 2021, ఎనిమిది వందల పేజీల పైన. భయపడకండి, రోజుకో ఆటగాడు చొప్పున రాత్రి పడుకునే ముందు చదవచ్చు. జాకీ రాబిన్సన్‌ని 42వ చోట పెట్టాడు, ఎందుకో ఆయన చొక్కా నంబరు తెలిసినవాళ్ళకి అర్థమవుతుంది.

కీత్ ఓబ్రయన్ 'చార్లీ హసల్', 2024, పీట్ రోజ్ మీద. 4,256 హిట్లు కొట్టి, పందేలు కాసి, 1989లో జీవితాంతం బహిష్కారం తెచ్చుకున్న మనిషి. పుస్తకం వచ్చిన ఏడే సెప్టెంబరులో చనిపోయాడు, 2025 మేలో ఆ నిషేధం ఎత్తేశారు. రచయితది అదే ఊరు, సిన్సినాటి, అందుకే ప్రేమా కోపం రెండూ కనపడతాయి. ఆండీ మెకల్లో 'ద లాస్ట్ ఆఫ్ హిజ్ కైండ్' క్లేటన్ కెర్షా మీద, అదీ 2024దే. బాగుంది, కానీ ఇంకా పాతబడాలి నాకు. ఆవకాయ లాంటివాణ్ణి పెట్టిన రోజే ఎలా రుచి చూడమంటారు?

పైరేట్స్ మాట అడగరేం? నేను వచ్చిన ఏడు 100 ఆటలు ఓడిపోయారు. 1993 నుంచి 2012 దాకా వరసగా 20 ఏళ్ళు గెలుపుల కన్నా ఓటములే ఎక్కువ. మధ్యలో 2008లో ఉత్తరప్రదేశ్ కుర్రాళ్ళు ఇద్దర్ని, రింకూ సింగ్, దినేష్ పటేల్‌ని, టీవీ పోటీలో బంతి విసరడం చూసి తీసుకున్నారు. గుడిలో వారం రోజులు అదే చర్చ, మనవాళ్ళు వచ్చేశారని. మా ఊరి మైదానం దాకా రాలేదు పాపం. చివరికి 2013 అక్టోబరు 1, సిన్సినాటితో నాకవుట్ ఆట. మా అమ్మాయికి తొమ్మిదేళ్ళు, మర్నాడు స్కూలు. స్టేడియమంతా పిచ్చర్ పేరు పట్టుకుని 'క్వేటోఓఓ' అని సాగదీసి ఏడిపిస్తుంటే అతని చేతిలోంచి బంతి జారి కింద పడింది, ఆ వెంటనే వేసిన దాన్ని రసెల్ మార్టిన్ గోడ అవతలికి కొట్టాడు. టీవీ ముందు నేను ఏడ్చాను. మావారు వచ్చి గ్యాస్ ఏమైనా లీకైందా అన్నట్టు చూశారు.

నాన్నకి ఇప్పుడు 83. కళ్ళు సరిగ్గా ఆనడం లేదు, టీవీలో క్రికెట్ కూడా వినడమే. ఈ ఫిబ్రవరి నుంచి రోజూ మా రాత్రి, ఆయన పొద్దున్న కాఫీ వేళకి వీడియో కాల్‌లో రిట్టర్ పుస్తకం తెలుగు చేసి చెబుతున్నాను. నాకు వచ్చినట్టు చెబుతాను, బాపట్ల యాసలో. నిన్న హాన్స్ లోబర్ట్ కథ వచ్చింది. మహా పరుగుగాడు, 1913లో కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ అనే ఊళ్ళో బేసుల చుట్టూ గుర్రంతో పందెం పెట్టారు. మొదటి బేస్ దగ్గర ఇతనే ముందు, రెండో దాని దగ్గరా ఇతనే ముందు, రెండుకీ మూడుకీ మధ్య గుర్రం మీదికొచ్చేసరికి పక్కకి తప్పుకోవాల్సొచ్చింది. చివర్లో అంపైరు బిల్ క్లెమ్, ముక్కు తేడాతో గుర్రం గెలిచిందన్నాడు.

నాన్న కాఫీ గ్లాసు కింద పెట్టారు. "మీదికి రావడం తప్పు కదమ్మా. అంపైరు గుర్రం మీద డబ్బులు కాసుంటాడు."

"అలా ఏం రాయలేదు నాన్నా."

"రాయడులే. సరే, రేపటికి ఎవరు?"